నడుస్తున్న మర

“ఎవరండీ ఈ ముసలాయన?”

ఇంద్రాణి ఒక జిరాక్స్ కాగితాన్ని జోగయ్య ముఖం ముందు ఆడించింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి “ఆయ్?” అన్నాడు. ఆమె గొంతు పెంచింది. ఈసారీ వినిపించలేదు. మోటారు ఆపి, మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పి, ముందు కాస్త దగ్గి, “ఇప్పుడు చెప్పండమ్మగారూ” అన్నాడు.

“మీ మర మూయించమని అర్జీ పెట్టిన మహానుభావుడు! నోటీసు ఊరికే రాలేదు. మావారు ఎవరెవరినో పట్టుకుని కాపీ తీయించారు, వినండి.”

నెలాఖరులోగా పిండిమర మూసేయమని నోటీసు వచ్చి నాలుగు రోజులైంది. ఢిల్లీ ఆర్.కె. పురం మార్కెట్లో ఆ మరని జోగయ్య తండ్రి యాభై నాలుగేళ్ళ క్రితం పెట్టాడు. మండపేట నుంచి వచ్చి, సర్కారు క్వార్టర్లలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నున్నాయో చూసుకుని మరీ పెట్టాడు. గోధుమలైతే ఎవరైనా పట్టి ఇస్తారు. తడిబియ్యం, ఎండుమిరపకాయలు పట్టుకెళ్తే మాత్రం రాళ్ళు పాడవుతాయని ఏ చక్కీవాడూ గుమ్మం ఎక్కనివ్వడు. జోగయ్య అరిసెల పిండీ పట్టి ఇస్తాడు, కారమూ పట్టి ఇస్తాడు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా ఒకరిని కాదనడం ఆయనకి చేతకాలేదు.

ఇంద్రాణి చదివింది. “‘సాబ్, యహాఁ ఏక్ చక్కీ చల్తా హై.’ అంటే, ఇక్కడొక మర నడుస్తోందట. ఆ చప్పుడుకి ఒక ముసలివాడి చెవులు పోయాయట. దుమ్ముకి ఊపిరాడటం లేదట. మూయిస్తే పుణ్యం ఉంటుందట. పేరు లేదు, సంతకం లేదు!”

జోగయ్య తల వంచుకుని తొట్టి తుడిచాడు. “పోనీలెండమ్మగారూ. ఎవరో పెద్దోడు, పాపం బాధపడుతున్నాడు కదండీ. మూసేద్దామండి.”

“చూశారా, అదే మీ మంచితనం! మీరు మొహమాటపడినా మేం ఊరుకోం.”

ఆమెకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళుగా ఆమె ఇంటికి పిండి ఫోన్లో ఆర్డరిచ్చిన పది నిమిషాల్లో వచ్చేస్తోంది. అయినా మర ఉండాలి కదా!

ఆమె అనుమానమంతా సుందరరామయ్య మీదే. ఆయన రిటైరైన అండర్ సెక్రటరీ. మర వెనకే, కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. ఇంద్రాణి మెట్లెక్కేసరికి లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఇంకేం కావాలి?

“అంకుల్, ఇది రాసింది మీరేనా?”

సుందరరామయ్య కళ్ళజోడు సవరించుకుని చదివాడు. చదువుతుండగానే ముఖం ఎర్రబడింది.

“నేనా? ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణమ్మా! సబ్జెక్టు లేదు, రిఫరెన్సు లేదు, డేటు కూడా లేదు. పైగా ‘చక్కీ చల్తా హై’ అట! చల్తీ హై అనాలి. హిందీలో చక్కీ స్త్రీలింగం. ఈ తప్పు చేసేది మన తెలుగువాడే.”

“అచ్ఛా! అయితే పట్టుకోవచ్చన్నమాట.”

“ఎలా పట్టుకుంటావు? మర నడుస్తోందని నువ్వెలా చెప్తావు?”

“చక్కీ చల్తా...” ఇంద్రాణి నాలుక్కరుచుకుంది.

ఆ లెక్కన ఢిల్లీలో తెలుగువాళ్ళంతా దొంగలే. అర్జీ పెట్టినవాణ్ణి వెతకడం అంతటితో ఆగింది. కానీ తననే అనుమానించారన్న ఉక్రోషం సుందరరామయ్యని ఊరుకోనివ్వలేదు. మరని కాపాడే మహజరు తనే రాస్తానని కూర్చున్నాడు.

వాట్సాప్ గ్రూపు పుట్టింది. మయూర్ విహార్ నుంచి, సాకేత్ నుంచి కూడా జనం మెట్రో ఎక్కి వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళారు. ఒక ఆదివారం అందరూ పిండి డబ్బాలు పట్టుకుని మర ముందు ఫొటో దిగారు. ఒక్క డబ్బాలోనూ గింజ లేదు. మధ్యలో జోగయ్యని నిలబెట్టారు.

“నవ్వండి జోగయ్యగారూ!”

నవ్వబోతే దగ్గొచ్చింది. ఫొటోలో అది ఏడుపులా పడింది. దానికే లైకులు ఎక్కువ వచ్చాయి.

“మీకెందుకండీ ఈ శ్రమంతా... నేను ఊరెళ్ళి...” అని జోగయ్య ఒకసారి మొదలుపెట్టాడు.

“మీరలా బెంగపడకండి, మేమున్నాం!” అంది ఇంద్రాణి. ఆయన మళ్ళీ మోటారు వేశాడు.

మహజరు అందాక నోటీసుని తాత్కాలికంగా ఆపి ఉంచారు. మూడు నెలలకి ఆర్డరు వచ్చింది. మర ముందు అందరినీ పోగుచేసి సుందరరామయ్య గట్టిగా చదివాడు.

“నోటీసు రద్దు! పైగా దీన్ని చారిత్రక మరగా గుర్తించారు. ఇక్కడ వినండి. ‘ఈ మరని బొమ్మలా నిలబెట్టకుండా, నడుస్తున్న స్థితిలోనే, ఇప్పుడు నడుపుతున్న వ్యక్తి చేతుల మీదుగానే కాపాడవలెను. రోజుకు ఆరు గంటలకు తగ్గరాదు.’ ఆ క్లాజు నేను రాసిందే, ఒక్క అక్షరం మార్చలేదు!”

“ఎన్నాళ్ళండీ?” అడిగాడు జోగయ్య.

“పదేళ్ళు! ఆ తర్వాత పొడిగించుకోవచ్చు కూడా.”

జోగయ్య బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ‘ఆనందబాష్పాలు’ అని ఇంద్రాణి వెంటనే గ్రూపులో ఫొటో పెట్టింది.

వెళ్తూ వెళ్తూ సుందరరామయ్య ఒక తెల్లకాగితం ఆయన చేతిలో పెట్టాడు. “ఆ ఆఫీసుకి మీ తరఫున ఒక ఉత్తరం వెళ్తే బాగుంటుంది. నేను రాస్తే నా భాష అయిపోతుంది. మీ చేత్తో, మీ మనసులో ఉన్నది రెండు ముక్కలు రాయండి. తప్పులున్నా ఫర్వాలేదు.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు జోగయ్య.

అందరూ వెళ్ళిపోయాక ఆయన చేతులకంటిన పిండి దులుపుకున్నాడు. దగ్గు తగ్గేదాకా ఆగి, కాగితాన్ని డబ్బా మూత మీద పరుచుకుని, హిందీ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ, మర ఇంకా నడుస్తూనే ఉందని మొదటి వాక్యం రాశాడు.

‘సాబ్, చక్కీ అభీ భీ చల్తా హై.’