‘తీయని’కి పర్యాయపదాలు

“తీయని. విశేషణం. చక్కెర రుచి గల, మనసుకు హాయినిచ్చే. నామవాచకానికి ముందు వస్తుంది. పర్యాయపదాలు: తియ్యటి, మధురమైన, కమ్మని...”

మళ్ళీ మొదలెట్టింది మహాతల్లి!

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. భర్త ఆఫీసు నుంచి వచ్చి చొక్కా అయినా మార్చుకోడు. గదిలో దూరి తలుపేసుకుంటాడు. ఆ గొంతు మొదలవుతుంది.

అతను మాట్లాడే నిఘంటువుకి సంపాదకుడు. చదివే మనిషి పదం, అర్థం, పర్యాయాలు చెప్పాక, ఉదాహరణ మాత్రం సొంతంగా అల్లి చెప్పాలి. అది అక్కడి పద్ధతి.

“ఉదాహరణ: ‘ఇదే ఆఖరి పదం’ అన్న సంపాదకుడి తీయని మాట నమ్మి, ఇంకా ఇక్కడే కూర్చున్నాను!” పకపకా నవ్విందా గొంతు.

“గడుసుదానివే!” అంటూ లోపల అతనూ నవ్వాడు.

తన ఎదురుగా కూర్చుని భోంచేసేటప్పుడు ఆ నవ్వు ఏ గంగలో కలుస్తుందో!

పొద్దున ఆడపడుచు వచ్చి నచ్చజెప్పింది. “సర్దుకుపో వదినా. అది పోయి ఏడాదన్నా కాలేదు. అన్నయ్య అప్పుడే మరిచిపోవాలంటే ఎలా చెప్పు?”

ఆమె తలూపింది. పోయినదానికి ఇంత పెత్తనమా? వంట చేస్తుంటే వెనకే నిలబడి నవ్వినట్టుంటుంది. కళ్ళు మూస్తే చెవిలో గుసగుసలు. ఒళ్ళు జలదరిస్తుంది. దానితో ఎన్నాళ్ళని పోటీ పడుతుంది? ఆమెకి తన మొగుడు కావాలి, అంతే. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

అతను స్నానానికి వెళ్ళాడు. ఆమె గదిలోకి వచ్చింది. కంప్యూటర్‌లో ఆ గొంతు తన మానాన తను చెప్పుకుపోతోంది. ఆమె వేలు డిలీట్ మీటకి ఆనించింది.

“వద్దు!” స్నానాలగది తలుపు సందులోంచి చూసి, తడి ఒంటితోనే పరుగెత్తుకొచ్చాడు. “నీకు దణ్ణం పెడతాను, చెరిపెయ్యకు. అది కూడా పోతే నేను బతకలేను. నాకు మిగిలింది అదొక్కటే!”

‘నేనున్నాను కదండీ’ అందామని ఆమె నోరు తెరిచింది గానీ, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసిన మెడలోని రంధ్రం నుంచి ఉత్త గాలే వచ్చింది. కంప్యూటర్‌లో మాత్రం పోయిన తన గొంతే ఇంకా పకపకా నవ్వుతోంది.