రాజక్క వాంగ్మూలం

“ఆ మాట నా నోటితోని అనను. ఇల్లు పోతే పోనియ్యి,” అంది రాజక్క.

హన్మకొండ అదాలతు వరండాలో ఆమె ఎదురుగా నిలబడ్డ మరిది లింగమూర్తి కోర్టు గది తలుపు వైపు చూశాడు. కాసేపట్లో పిలుపు వస్తుంది. కాశిబుగ్గలో తండ్రి వదిలిపోయిన ఇల్లు, అందులోని మూడు మగ్గాలు పంచుకోవడానికి అన్నదమ్ములు కోర్టుకెక్కి, చెప్పులరిగేలా తిరిగారు. చూసి చూసి విసిగిన మున్సిఫ్ గారు, మీలో మీరు రాజీ పడండి, నా ఎదుట అందరూ ఒప్పుకుంటే అదే తీర్పుగా రాస్తాను అన్నారు. పెద్దన్న సాంబయ్య ఒప్పుకున్నాడు. లింగమూర్తీ ఒప్పుకున్నాడు. మధ్య గది, అందులోని మగ్గం రాజక్కకు వదలడానికీ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క మాట దగ్గరే వచ్చింది.

రాజక్క పెనిమిటి, అంటే లింగమూర్తి నడిపన్న సిద్దిరాములు, సోలాపూర్ మిల్లులో పని దొరుకుతుందని వెళ్లి మళ్లీ రాలేదు. ఏడేళ్లు దాటినా కబురు లేదు. కోర్టు వారు పత్రికలో నోటీసు వేయించినా ఉలుకూ పలుకూ లేదు. మనిషి బతికుంటే వాటా అతనిది, భార్య అడగడానికి లేదు. పోయాడంటేనే అది ఆమెకు వస్తుంది. కాబట్టి పెనిమిటి లేడని ఆమె మున్సిఫ్ ముందు చెప్పాలి. వకీలు ఈ సంగతి విడమరిచి చెప్పి తన దారిన తాను పోయాడు. వినాల్సింది ఆమె కదా.

దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపిద్దామని సాంబయ్య అంతకుముందే ఒకసారి అన్నాడు. ఆ రోజు రాజక్క పొయ్యి ముట్టించలేదు. ఏటా దసరాకు ఆయన కోసమని ఒక ధోవతి నేసి పెట్టెలో పెట్టే మనిషి ఆమె. వాడలో ఆడవాళ్లు చాటున నవ్వుకునేవారు. లింగమూర్తికి మాత్రం ఏనాడూ నవ్వు రాలేదు. తల్లి పోయాక తనకు అన్నం కలిపి పెట్టింది ఈ వదినే.

“వదినా, నువ్వు అనకుంటే అంతా ఖరాబైతది. పెద్దన్న మళ్ల రెండే వాటాలంటడు. నువ్వు ఏడుంటవ్?”

“ఆయన రేపొస్తే నా మొఖం ఎట్ల సూపియ్యాలె లింగమూర్తీ?”

లోపలినుంచి బంట్రోతు పేర్లు పిలిచాడు.

సాంబయ్య, లింగమూర్తి తమకు సమ్మతమేనని చెప్పి, తలుపుకు వీపు చేసి పక్కకు నిలబడ్డారు. రాజక్క బోనెక్కింది. మున్సిఫ్ గారు మెత్తగానే అడిగారు, అమ్మా, నీ భర్త బతికి ఉన్నాడా అని.

రాజక్క జనం తలల మీదుగా ఎటో చూస్తూ ఉండిపోయింది. మున్సిఫ్ గారు మళ్లీ అడిగారు. వకీలు దగ్గాడు, సాంబయ్య పళ్లు నూరాడు. అయిపోయింది, వదిన రోడ్డున పడ్డట్టే అనుకున్నాడు లింగమూర్తి. భార్య అనసూయ ఎంత సణిగినా సరే, తన గదిలోనే ఆమెకు ఇంత చోటివ్వాలని అక్కడికక్కడే మనసు గట్టి చేసుకున్నాడు.

“లేడు,” అంది రాజక్క.

గొంతు వణకలేదు.

“సచ్చిపోయిండు అయ్యా. ఎన్నడో సచ్చిపోయిండు.”

చీర కొంగుతో నుదుటి బొట్టు తానే తుడిచేసుకుంది. మున్సిఫ్ గారు తల వంచుకుని రాజీ ఖాయమైనట్టు రాసుకున్నారు. సాంబయ్య హమ్మయ్య అనుకున్నాడు. లింగమూర్తికి మాత్రం దుఃఖం ఆగలేదు. ఒక గది కోసం ఇంతమందిమీ కలిసి ఆమె ఆశను చంపేశామే అని కుమిలిపోయాడు.

బోసిపోయిన ఆ నుదురు చూడలేక అతను తలుపు వైపు తిరిగాడు.

గడప దగ్గర, చంకలో పసివాడితో, పక్కన మెడనిండా నల్లపూసలున్న పరాయి ఆడమనిషితో, తల దించుకుని సిద్దిరాములు నిలబడి ఉన్నాడు.