నోరున్నవాళ్ళ రాజ్యం

“చానెల్ మార్చకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా! ఆఖరి ఓవర్లే మిగిలాయి!”

మెకానిక్ బెంచీ మీద నుంచి సగం లేచాడు. పక్కన కూర్చున్నవాళ్ళూ గొల్లుమన్నారు. సెలూన్ ఆయన ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో రిమోటు పట్టుకుని, మ్యాచ్ తీసేసి వార్తల చానెల్ పెట్టాడు. అక్కడింకా ప్రకటనలే నడుస్తున్నాయి.

“మధ్యాహ్నం వార్తలయ్యాక మీ మ్యాచ్ మీకిచ్చేస్తా. కాసేపు ఓర్చుకోండి.”

“వార్తల్లో ఏముంటుంది బాబాయ్? నిన్నటి రోడ్డు గుంతలే ఇవాళా ఉంటాయి. మ్యాచ్ అలా కాదే!”

కుర్చీలో సగం క్షవరమైన తలతో కూర్చున్న లెక్కల మాస్టారు అద్దంలోంచి నవ్వారు. “ఏమయ్యా, వార్తలు చూస్తే ఉన్న బుర్ర పోతుందని నువ్వేగా అనేవాడివి? లాటరీ టిక్కెట్టేమైనా కొన్నావా?”

“లేదండీ. ఇవాళ నేను చూడాల్సింది ఒకటుంది.”

“ఏమిటది?”

సెలూన్ ఆయన మాస్టారి గడ్డం కింద వేలుంచి తల పైకెత్తాడు. తల వంచమనాలన్నా, కళ్ళు మూసుకోమనాలన్నా ఆయనకి నోటికన్నా ముందు చెయ్యే లేస్తుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య మరీ మరీ హెచ్చరించింది, “ముందే ఎవరికీ చెప్పకు. తీరా రాకపోతే నగుబాటు” అని. ఇంట్లో టీవీ పాడై అటకెక్కింది. ఇక కొట్లో ఉన్న ఈ చిన్న టీవీయే దిక్కు. ఇవాళ్టి వార్తలు తప్పిపోకూడదన్న ధ్యాసలో ఆయన పొద్దుటి నుంచి టీ కూడా ముట్టలేదు.

“చూడు బాబాయ్,” మెకానిక్ బేరానికి దిగాడు. “ఎదురుగా అద్దాల సెలూన్లో గోడంత టీవీ ఉంది. మేమంతా అటు పోతే నష్టం నీకే.”

“తెలుసు.”

“తెలిసీ మార్చవా? నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!”

కత్తెర ఆగింది. “ఆ సామెత ఒక్కటీ వద్దు నాయనా. ఇంకేమైనా తిట్టు,” అని మళ్ళీ దువ్వెన అందుకున్నాడు.

మెకానిక్ విసురుగా వీధి దాటాడు. బెంచీ మీదివాళ్ళూ ఒకరి వెనక ఒకరు కదిలారు. వారమంతా ఈగలు తోలుకునే కొట్టుకి రద్దీ ఉండేది ఆదివారం ఈ ఒక్క పూటే. సెలూన్ ఆయన వాళ్ళని పిలవబోయి, టీవీ వైపు చూసి, ఊరుకున్నాడు.

అప్పుడే క్యారియర్ పట్టుకుని ఆయన భార్య వచ్చింది. ఖాళీ బెంచీ చూసి కనుబొమలెగరేసింది. ఆయన ఎదురు సెలూన్ వైపు చెయ్యి తిప్పాడు. ఆమె పోనిమ్మన్నట్టు చెయ్యి విదిలించి, టీవీకి ఎదురుగా కూర్చుంది.

“ఏమ్మా, ఆలుమగలు అలిగారా? ఒక్క పలుకూ లేదు,” అన్నారు మాస్టారు.

“అలకా పాడా అండీ! మా ఇంట్లో మాటలు తక్కువ, అంతే.”

“అదృష్టవంతులు! మా ఇంట్లో నా మాట వినపడాలంటే కుక్కరైనా ఆగాలి, మా ఆవిడైనా ఆగాలి. రెండూ జరగవు. అవునూ, అమ్మాయికి పట్నంలో ఉద్యోగమన్నాడు మీ ఆయన. ఫోన్ చేస్తుందా?”

“వీడియో పెట్టిందంటే చేతులు నొప్పెట్టేదాకా వదలదండీ.”

“చెప్పనివ్వమ్మా. నోరున్నవాళ్ళదే రాజ్యం. ఇంట్లోనైనా, టీవీలోనైనా.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వార్తల సంగీతం మొదలైంది. సెలూన్ ఆయన చటుక్కున రిమోటు నొక్కాడు. శబ్దం ఆగిపోయింది. తెర మీద వార్తలు చదివే ఆవిడ ఊరికే పెదవులు కదుపుతోంది.

“అదేమిటయ్యా, బేరాలు పోగొట్టుకుని మరీ పెట్టిన వార్తల గొంతు నొక్కేశావేం?”

తెర మీద ఉల్లిపాయల బస్తాలు కనిపించాయి.

“పోనీ చదువుకుందామంటే, మూలనున్న ఆ గుండ్రటి గడి అక్షరాలని కప్పేసి చస్తోంది. ఉల్లి పెరిగిందా తగ్గిందా?” అంటూ మాస్టారు అద్దంలో చూసి ఉలిక్కిపడ్డారు. సెలూన్ ఆయన కత్తెర గాల్లోనే నిలిచిపోయింది. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వెనక ఆయన భార్య అరచేత్తో నోరు మూసుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది.

“ఉల్లి కోస్తే ఏడుస్తారు గానీ, ఉల్లి వార్తకి కూడా ఏడుస్తారటయ్యా?”

ఇంతలో మెకానిక్ ఉసూరుమంటూ తిరిగొచ్చాడు. “అక్కడ నిలబడ్డానికే చోటు లేదు బాబాయ్. నువ్వే గెలిచావు. అవునూ, ఈ మూగ వార్తలేంటి?” అంటూ రిమోటు లాక్కుని నొక్కాడు. వార్తలు చదివే ఆవిడ గొంతు కొట్టంతా ఖంగుమంది.

సెలూన్ ఆయన ఒక్క అంగలో వచ్చి, రిమోటు లాక్కుని, మళ్ళీ శబ్దం ఆపేశాడు. ఎన్నడూ ఎవరి చేతిలోదీ లాక్కోని మనిషి. మెకానిక్ బిత్తరపోయాడు.

“ఏమైంది బాబాయ్? శబ్దముంటే నీకేంటి అడ్డం?”

ఆయన దువ్వెన ఎత్తి తెర మూలకి చూపించాడు. గుండ్రటి గడిలో, నల్ల చొక్కా వేసుకున్న ఒక పిల్ల చేతులు చకచకా సైగలు చేస్తున్నాయి.

“మా అమ్మాయి మాట్లాడుతోంది.”