గేటు కంటికి బొట్టు

దగ్గరికి జరగండర్రా, చెబుతాను. గుడి గేట్లు ముఖం చూసి రుసుము కోసుకునే కాలమది. ఖాతా ఖాళీ అయితే గేటు తెరుచుకునేది కాదు. వీధులూడ్చే సన్యాసమ్మకేమో, ఖాతాలో పైసా లేకపోయినా, జ్వరం తగ్గిన మనవరాలిని అమ్మవారికి చూపించాలని మొక్కు.

దసరా నాడు ఇంట్లో చీపురుకీ కత్తిపీటకీ బొట్లు పెట్టి, పిల్లనెత్తుకుని గుడికి వచ్చింది. “నువ్వూ పనిసేస్తన్నావు కదేటి, నీకూ పండగే” అంటూ ముఖాలు చూసే గేటు కెమెరా కంటికీ ఇంత కుంకుమ అద్దింది. తొక్కిసలాట భయానికి, కన్ను మూసుకుపోతే తెరుచుకునేలా కట్టిన గేటది. బార్లా తెరుచుకుంది. బయట నిలబడ్డవాళ్లంతా లోపలికి నడిచారు.

గుడి అధికారి ఆ కుంకుమ తుడవడానికి గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“పండగపూట బొట్టు సెరిపేత్తావేటి బాబూ?”

ఆయన చెయ్యి ఆగిపోయింది. “సాయంత్రం తుడుస్తాలే, వెళ్లవే తల్లీ” అన్నాడు.

“సల్లగుండు నాయనా” అంటూ సన్యాసమ్మ పిల్లను అమ్మవారి ముందు నిలబెట్టి కళ్లు తుడుచుకుంది.

ఆ గేటుకి ఇప్పటికీ దసరా బొట్టు తప్పదు. గుర్తుంచుకుని మీ పిల్లలకీ చెప్పండర్రా.