ఎర్ర దారం చుట్టిన పిడి

"మా అన్నని చంపి, ఆయన రీలు నీ బీరువాలో పెట్టుకుంటావురా!"

జయదేవ్ గఫూర్ చొక్కా పట్టుకుని బీరువాకేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలి గఫూర్ చెవి కోసుకుపోయింది. అడ్డమొచ్చిన గఫూర్ భార్య రసూల్‌బీని పక్కకి తోసేశాడు. బ్రాడీపేట సందంతా గుమ్మం ముందు పోగైంది, ఒక్కడూ లోపలికి రాలేదు. ఇలాంటప్పుడు మనవాళ్లకి కాళ్లు కదలవు, సెల్‌ఫోన్లు మాత్రం పైకి లేస్తాయి.

పోయిన ఆదివారం జయదేవ్ అన్న త్యాగరాజు కాలవగట్టున తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే గాలం కర్ర దొరికింది, దానికి బిగించే, గాలం తీగ చుట్టుకునే రీలు దొరకలేదు. ఈ ఊళ్లో పాత రీళ్ల పిచ్చి ఉన్నది త్యాగరాజుకీ గఫూర్‌కీనే. ఇవాళ గఫూర్ బీరువాలో అచ్చం అలాంటిదే కనిపించింది.

"ఆదివారం నేను ఒంగోలు వెళ్లకపోయుంటే మా అన్న బతికేవాడు!" జయదేవ్ మోకాలితో గఫూర్ పొట్టలో కుమ్మాడు.

గఫూర్ కూలబడిపోయాడు. "కంపెనీ ఒకటే, నంబరూ ఒకటే. కానీ ఇది ముందొచ్చిన మోడలు బాబూ. అడుగు రేకు ఇత్తడిది, తిప్పే పిడి చెక్కది. మీ అన్నది తర్వాత వచ్చింది. దానికి స్టీలు రేకు, నల్ల ప్లాస్టిక్ పిడి."

త్యాగరాజు భార్య రచన ముందుకొచ్చి రీలు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవును, ఆయనది నల్ల పిడే. శనివారం నేనే తుడిచి సంచిలో పెట్టాను. ఇది కాదు జయదేవ్, వదిలెయ్."

"నీకు తెలీదు వదినా! అన్నదానికి చెక్క పిడే. పగులిచ్చిన చోట ఎర్ర దారం కూడా చుట్టుంది. ఈ దొంగవెధవ విప్పేశాడు!" జయదేవ్ అద్దం ముక్క తీసి గఫూర్ గొంతుకి ఆనించాడు. రక్తం కాలరు మీదికి కారింది. "ఒప్పుకుంటావా, కోసెయ్యనా?"

"ఆ దారం చుట్టింది నేనేనమ్మా," అన్నాడు గఫూర్ రచన వైపు చూస్తూ. "స్కూటర్ జారి పిడి విరిగిందని మీ ఆయన ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఒక మోడలు పిడి ఇంకో మోడలుకి పెట్టడమంటే మా రీళ్ల పిచ్చోళ్లకి మహాపాపం. అయినా బతిమాలాడు కదా అని, నా దగ్గర పడున్న పగుళ్ల చెక్క పిడికి దారం చుట్టి బిగించిచ్చాను. ఇటునుంచి ఇటే కాలవకి వెళ్లిపోయాడు."

జయదేవ్ అద్దం ముక్క కిందికి దించాడు. రచన మరిది ముఖంలోకి సూటిగా చూసింది.

"ఒంగోల్లో ఉన్నవాడివి, ఆ ఎర్ర దారం ఎక్కడ చూశావు జయదేవ్?"