ఐదు దినాల అంబలి

“తాతా, రక్తం పల్చగ జేసే గోలి ఐదు దినాల సంది బంద్ పెట్టినవా?” కరీంనగర్ దవాఖానల, హెర్నియా ఆపరేషన్‌కు తయారైన బుచ్చిరాములును నర్సు అడిగింది.

“ఐదు దినాలేంది బిడ్డా? ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల దిగినోన్ని. గుండెనొప్పి వచ్చి ఏడాదాయె, ఒక్క గోలి నోట్లె ఏస్కోలే,” అని మీసం దువ్విండు.

ఆయన భార్య మల్లక్కకు కాలు నిలువలే. డాక్టర్ గోలి బంద్ పెట్టుమన్న ముచ్చట ఈ మనిషి ఇంట్ల చెప్పనే లే. తలుపు దాక పోయింది, మల్ల వచ్చింది. ఇంతల స్ట్రెచర్ కదిలింది. ఉరికిపోయి దాని కడ్డీ పట్టుకున్నది.

“ఆపుండ్రి బిడ్డా! ఏడాది సంది ఆ గోలి నూరి ఈయన అంబలిల కలుపుతున్న. నిన్న పొద్దుగాల గూడ కలిపిన.”

ఆపరేషన్ ఐదు దినాలు వాయిదా పడ్డది. ఇంటికి పోయే బస్సుల బుచ్చిరాములు కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. మల్లక్క కొంగు ముడేసుడు, విప్పుడు, మల్ల ముడేసుడు.

గోదావరిఖనిల దిగినంక అన్నడు, “గీ ఐదు దినాలు అంబలి నేనే కాసుకుంట.”

మల్లక్క తల వంచుకున్నది.

“ఆపరేషన్ అయినంక మాత్రం మల్ల నువ్వే కాయాలె.”