గేరుబాక్సు కింద చాప

"ప్రతి ఆదివారమూ ఈ తాతలనాటి కారు కింద దూరడమేనా? గేరుబాక్సులోంచి ఆయిలు కారేది ఎప్పుడు నిలుస్తాదయ్యా?" అంటూ సువర్ణ తనూ కారు కిందికి దూరింది.

మొగుడు నరేంద్ర చాప మీద వెల్లకిలా పడుకుని వేయించిన చెనిక్కాయలు నములుతున్నాడు. రెండో చేత్తో ఆయిలు బోల్టు వదులు చేస్తున్నాడు.

"బిగించేది పోయి ఇప్పుతాండావా!"

"అరవాకే. ఇది బాగైతే మాయమ్మ నాకు ఇంకో పని చెప్తాది."

సువర్ణకు ఒళ్లు మండింది. స్పానరు లాక్కుని బోల్టు బిగించబోయింది.

ఇంట్లోంచి అత్త తిప్పమ్మ కేకేసింది. "సువర్ణా, యాడ సచ్చినావే? సంగటి ఎవురు కెలకాల?"

సువర్ణ చేయి ఆగింది. కారు కింద నీడ చల్లగా ఉంది. మొగుణ్ని పక్కకు జరిపి చాప మీద వాలింది.

"ఈడ ఉండానత్తా! గేరుబాక్సు ఇద్దరు పట్టుకుంటే గానీ కుదరదంట!" అని అరిచి, బోల్టు ఇంకాస్త వదులు చేసింది.